షటిల్ ఆడేవాళ్లు ముందు బ్రేకులు నేర్చుకోవాలి: మోకాలు, మడమ, భుజం కాపాడుకునే పద్ధతి

పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టులో జరిగిన ఆ మహిళల షటిల్ సెమీఫైనల్ చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ మొదటి గేమ్ 21-14తో గెలిచేసింది, రెండో గేమ్‌లో కూడా ముందే ఉంది, అవతల చైనా అమ్మాయి హె బింగ్‌జియావో, ఇంక ఫైనల్ ఖాయం అనుకుంటున్న టైంలో ఒక షాట్ కోసం వెళ్లి కాలు మోపగానే కుడి మోకాలు పట్టు తప్పింది. బ్రేస్ వేసుకుని వచ్చి రెండు పాయింట్లు ఆడింది గానీ కుదర్లేదు, కోర్టు మీదే కూలబడి ఏడ్చేసింది. అదే కుడి మోకాలి ఏసీఎల్, అంటే మోకాలిని లోపల నుంచి పట్టి ఉంచే లిగమెంట్, 2019 జనవరిలో జకార్తాలో మన సైనాతో ఫైనల్ ఆడుతూ తెగింది, 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి కొన్ని వారాల ముందు ఎడమ మోకాలిది తెగింది. ఒక్క మనిషికి మూడుసార్లు.

ఇంకా వెనక్కి వెళ్తే 2012 లండన్, సైనాకి కాంస్యం వచ్చిన మ్యాచ్. చైనా అమ్మాయి వాంగ్ షిన్ మొదటి గేమ్ చివర్లో దూకి దిగేటప్పుడు మోకాలు దెబ్బతింది, ఆ గేమ్ 21-18తో గెలిచి కూడా రెండో గేమ్ మొదట్లోనే తప్పుకుంది. 2016 రియో సెమీస్‌లో లీ షురుయ్‌కి కూడా మోకాలే పోయింది. సైనా కూడా అదే రియోకి మోకాలి నొప్పితోనే వెళ్లింది, తిరిగొచ్చాక ఆపరేషన్ చేయించుకుంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. స్మాష్ తగిలిన క్షణంలో ఎవరికీ కాలు పోలేదు. కిందకి దిగేటప్పుడో, పరుగు ఆపేటప్పుడో, దిక్కు మార్చేటప్పుడో పోయింది. నేను చెప్పాలనుకున్నది అంతా ఇందులోనే ఉంది, షటిల్‌లో ఒళ్లు పాడయ్యేది ఎక్కువగా బ్రేక్ వేసేటప్పుడు, మనం మాత్రం కోచింగ్‌కి వెళ్లిన మొదటిరోజు నుంచి స్పీడూ స్మాషూ నేర్చుకుంటాం, బ్రేక్ మాత్రం ఎవరూ నేర్పరు. నేను పదేళ్లుగా పొద్దున్నే రేకుల షెడ్డు కోర్టులో డబుల్స్ ఆడుతున్నాను, మా అమ్మాయికి 14 ఏళ్లు, రోజూ అకాడమీకి వెళ్తుంది, ఇద్దరికీ దెబ్బలు తగిలాయి, ఫిజియోల దగ్గర కూర్చుని కూర్చుని నేర్చుకున్నది, టాప్ ప్లేయర్లని గమనించి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. డాక్టర్ని కాను, నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ముందు ఈ ఆట ఒంటిని ఏం అడుగుతుందో చూద్దాం, ఎందుకంటే టీవీలో చూస్తే సులువుగా ఉంటుంది. సింగిల్స్ కోర్టు మన వైపు సగం అంటే 6.7 మీటర్ల పొడుగు, 5.18 మీటర్ల వెడల్పు, అంతే, ఓ పెద్ద హాలంత. అంత చిన్న చోట పరుగు అందుకునేలోపే ఆగాలి, ఆగీ ఆగకముందే వెనక్కి తిరగాలి. ర్యాలీ సగటున ఏడు నుంచి పది సెకన్లు, మధ్యలో ఊపిరి పీల్చుకునే టైం దానికి రెండింతలు, మళ్లీ ర్యాలీ, గుండె దాదాపు మొత్తం మ్యాచ్ పైగేర్‌లోనే కొట్టుకుంటుంది. 11 పాయింట్ల దగ్గర ఒక నిమిషం, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య రెండు నిమిషాలు, అంతే విశ్రాంతి. 2017లో గ్లాస్గోలో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహరా ఆడిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు నడిచింది, రెండో గేమ్ ముగిసిన ర్యాలీ ఒక్కదాంట్లోనే 73 షాట్లు, అది అయ్యాక ఇద్దరూ నడుము మీద చేతులేసుకుని నిలబడ్డారు, ఆ తర్వాత ఇంకో గేమ్ మొత్తం ఆడారు. ఆ మూడో గేమ్‌లో లంజ్ (షటిల్ అందుకోవడానికి వేసే పెద్ద అంగ) వేసిన కాలూ మొదటి గేమ్‌లో వేసిన కాలూ ఒకటే గానీ కండరంలో మిగిలిన సత్తా ఒకటి కాదు, దెబ్బలు అందుకే చివర్లో ఎక్కువ తగులుతాయి.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మొదటిది లంజ్. నెట్ దగ్గర మెల్లగా పడే షటిల్, అదే డ్రాప్, తీయడానికి రాకెట్ వైపు కాలు పెద్ద అంగ వేసి పెడతాం కదా, ఆ ఒక్క అడుగులో ముందుకాలి మీద మన బరువుకి రెండింతలకి పైనే పడుతుంది, సింగిల్స్ ఆడేవాళ్లు ఒక మ్యాచ్‌లో ఇది వందసార్లకి పైగా వేస్తారు. సరిగ్గా వేసే పద్ధతి ఇదీ: ముందు మడమ ఆనాలి, తర్వాత అరికాలు, తర్వాత వేళ్లు. కాలివేళ్లు మీరు వెళ్తున్న వైపే చూడాలి, షటిల్ కుడి మూలకి పడితే పాదం కూడా కుడి మూలకే చూడాలి. మోకాలు రెండో వేలికి సరిగ్గా పైన ఉండాలి, లోపలికి వాలకూడదు. ఒళ్లు ముందుకి పడిపోకుండా వీపు నిటారుగా ఉండాలి, రాకెట్ లేని చెయ్యి వెనక్కి చాచి ఉంచాలి, అది అందం కోసం కాదు, త్రాసుకి రెండో తక్కెడ లాంటిది. వెనకకాలు పాతుకుపోయి ఉండిపోకూడదు, షూ లోపలి అంచు మీద కొంచెం ఈడ్చుకుంటూ రావాలి. వెనకకాలు కదలకపోతే లాగే భారమంతా గజ్జల మీద పడుతుంది, గజ్జలు ఒకసారి పట్టేస్తే నెలలు పడుతుంది తగ్గడానికి.

ఎక్కువమందిలో నేను చూసే తప్పు పాదం ఒక వైపు, మోకాలు ఇంకో వైపు. ఇది మీకు మీరుగా తెలియదు. ఫోన్‌ని నెట్ అవతల కింద పెట్టి స్లో మోషన్‌లో పది లంజులు తీసుకోండి, పదిలో మూడింటికి మోకాలు లోపలికి పోతోందంటే అది స్పీడ్‌తో ఆడే లంజ్ కాదు ఇంకా, ఒక వారం పాటు షటిల్ లేకుండా నెమ్మదిగా వేసి ఆగి, మూడు సెకన్లు నిలబడి, అప్పుడు వెనక్కి రండి. విసుగే, మా అమ్మాయి మొదట ఏడ్చింది కూడా, అందరూ స్మాషులు కొడుతుంటే నేనెందుకు బొమ్మలా నిలబడాలి అని.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదకరమైనది, బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూల. కుడిచేతి వాళ్లయితే ఎడమ వెనక మూల. అక్కడికి లిఫ్ట్, అంటే ఎత్తుగా లేపిన షటిల్, పడితే బ్యాక్‌హ్యాండ్ కొట్టడం ఇష్టం లేక తల చుట్టూ రాకెట్ తిప్పి ఫోర్‌హ్యాండ్‌తోనే కొడతాం. ఆ షాట్‌కి ఒళ్లంతా ఎడమకి వాలుతుంది, గాల్లో కాళ్లు మారతాయి, దిగేది ఒంటికాలి మీద, అదీ ఎడమ కాలి మీద, ఒళ్లు ఇంకా ఎడమకే పోతోంది, మనసు అప్పుడే నెట్ వైపు పరిగెడుతోంది. మోకాలు తిన్నగా బిగుసుకుని ఉండి, లోపలికి వాలి, పాదం నేలకి అతుక్కుని ఒళ్లు తిరిగితే ఏసీఎల్ తెగడానికి ఇంకేం కావాలి. బ్యాడ్మింటన్‌లో ఏసీఎల్ ఎలా తెగిందని ప్లేయర్లని అడిగి చూసిన పరిశోధనల్లో కూడా ఎక్కువగా తేలింది ఇదే, రాకెట్ చేతికి అవతలి వైపు మోకాలు, తలపై నుంచి కొట్టాక ఒంటికాలి మీద దిగేటప్పుడు. పక్కవాళ్లు తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు, తనంతట తనే.

దీనికి చెయ్యాల్సింది మూడు పనులు. ఒకటి, షటిల్ వెనక్కి ముందే చేరడం. లేటుగా వెళ్లినవాళ్లే ఒంగిపోయి కొడతారు, కాబట్టి మోకాలిని కాపాడేది నిజానికి అవతలివాడు కొట్టే క్షణంలో మీరు వేసే ఆ చిన్న గెంతు, స్ప్లిట్ స్టెప్, అది లేకపోతే తర్వాత అన్నీ లేటే. రెండు, దిగడం వేరుగా ప్రాక్టీస్ చెయ్యండి: ఒక మెట్టు ఎత్తు నుంచి ఒంటికాలి మీద దిగి, మోకాలు తుంటి రెండూ కొద్దిగా వంచి, చప్పుడు కాకుండా, రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. చప్పుడు ముఖ్యం, ధబ్‌మని వస్తే దెబ్బ ఎముకలూ కీళ్లూ తీసుకున్నాయని, మెత్తగా వస్తే కండరం తీసుకుందని లెక్క. అది కుదిరాక పక్కకి గెంతి దిగడం, తర్వాత గాల్లో పావు తిరుగు తిరిగి దిగడం, తర్వాత రాకెట్ పట్టుకుని షటిల్ లేకుండా నీడ ఆట, ఆ తర్వాతే షటిల్. మూడు, లేటయ్యామని తెలిస్తే స్మాష్ మానేసి ఎత్తుగా అవతలి వెనక గీత దాకా కొట్టే క్లియర్ ఇచ్చెయ్యండి, లేదా బ్యాక్‌హ్యాండ్ నేర్చుకోండి. పాయింట్ పోతే పోనీ.

మూడోది బలం. రాకెట్ 80, 90 గ్రాములు ఉంటుంది, షటిల్ అయిదు గ్రాములు, ఈ ఆటకి జిమ్ ఎందుకు అని మా షెడ్డులో పెద్దాయన ఒకాయన ఇప్పటికీ అంటారు. మనం మోసేది రాకెట్‌ని కాదండి, మన ఒంటిని, దాన్ని వందలసార్లు ఆపుతున్నాం. ఆపే పని చేసేది కండరం సాగుతూ బిగుసుకున్నప్పుడు, కాబట్టి కసరత్తులు కూడా కిందకి దిగే భాగం నెమ్మదిగా చెయ్యాలి. వారానికి రెండుసార్లు, ఆట లేని రోజో ఆట అయ్యాకో, ఆటకి ముందు మాత్రం కాదు.

పిక్కలతో మొదలుపెడతా, నాకు పోయింది అక్కడే కాబట్టి. 39 ఏళ్లప్పుడు, మూడో గేమ్, వెనక నుంచి నెట్ దగ్గరికి ఒక్కసారి తోసుకుని వచ్చాను, మడమ పైన ఎవరో గట్టిగా తన్నినట్టయింది, తిరిగి చూశాను, వెనక ఎవరూ లేరు. మడమ నరం అంటారు మనవాళ్లు, అకిలిస్ టెండన్, పూర్తిగా తెగింది. ముప్పై నుంచి యాభై మధ్య వయసులో, వారమంతా కుర్చీలో కూర్చుని వీకెండ్‌కి ఆడేవాళ్లకి ఇది షటిల్‌లో చాలా మామూలుగా జరిగేదేనని తర్వాత తెలిసింది. అంతకు ముందు నెలంతా పొద్దున లేవగానే మడమ బిగుసుకుపోయి ఉండేది, పది అడుగులు వేస్తే పోయేది కదా అని వదిలేశాను. అలా పొద్దున్నే బిగుసుకుంటోందంటే దయచేసి వదలకండి. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి ఒంటికాలితో పైకి లేవండి, మూడు సెకన్లు లెక్కపెడుతూ మడమ మెట్టు కిందకి దించండి. మోకాలు తిన్నగా పెట్టి ఒక సెట్టు, మోకాలు వంచి ఇంకో సెట్టు, ఎందుకంటే పిక్కలో పైకండరం వేరు, దాని కిందది వేరు. ఒంటికాలితో ఆగకుండా 20, 25 చెయ్యగలిగితే డబుల్స్ ఆడే కాలు మీకుంది. మొదట 8 కూడా రావు చాలామందికి, పర్లేదు, రెండు కాళ్లతో లేచి ఒంటికాలితో దిగండి.

మోకాలికి: కుర్చీ ముందు ఒంటికాలి మీద నిలబడి మెల్లగా కూర్చోవడం, లేవడం, అద్దంలో మోకాలు చూసుకుంటూ. మోకాలి చిప్ప కింద నరం నొప్పి పుడుతుంటే, ఎక్కువ దూకేవాళ్లకి అదే వస్తుంది, గోడకుర్చీ వేసి 45 సెకన్ల చొప్పున అయిదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు ఆగి. స్కూల్లో మాస్టారు శిక్షగా వేయించిన గోడకుర్చీయే. తొడ వెనక కండరానికి: మోకాళ్ల మీద నిలబడి ఎవరైనా మడమలు పట్టుకుంటే ఒంటిని తిన్నగా ఉంచి మెల్లగా ముందుకి పడడం, చేతులతో ఆపుకోవడం, మొదటి వారం 3 చాలు, లేకపోతే రెండ్రోజులు మెట్లు దిగలేరు. ఏసీఎల్‌కి తోడుండేది ఈ తొడ వెనక కండరమే, ముందు తొడ మాత్రమే పెంచుకునే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

భుజం గురించి త్వరగా చెప్పేస్తా. మన అమలాపురం సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లతో గిన్నిస్‌కి ఎక్కింది, 2023లో. చెయ్యి అంత వేగంగా ముందుకి పోతే షటిల్ వెళ్లిపోయాక ఆ చేతిని ఆపేది భుజం వెనకున్న చిన్న చిన్న కండరాలు, మళ్లీ అదే బ్రేకుల కథ. అంత బలమున్న కుర్రాడిని కూడా భుజం నొప్పి టోర్నీలకి దూరం పెట్టింది. రబ్బర్ బ్యాండ్ తలుపు గెడకి కట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి బయటికి లాగడం, 15 చొప్పున మూడుసార్లు, రెక్క ఎముకలు వెనక్కి దగ్గరకి లాగే కసరత్తు ఇంకోటి. మోచేతి బయటి వైపు నొప్పి వస్తోందంటే ముందు గ్రిప్ చూడండి, చాలామంది రాకెట్‌ని కర్ర పట్టుకున్నట్టు మొత్తం టైం బిగించి ఉంచుతారు, తగిలే క్షణంలో మాత్రమే బిగించాలి. స్ట్రింగ్ టెన్షన్, అంటే రాకెట్ తీగల బిగువు కూడా, టీవీలో వాళ్లు 30 పౌండ్లు వేయిస్తారని మనమూ వేయించుకుంటే అదంతా మోచేతికే, క్లబ్ ఆటకి 22, 24 పౌండ్లు ధారాళంగా సరిపోతాయి.

డబుల్స్‌లో ఇంకో ప్రమాదం కన్ను. ముందు నిలబడ్డవాళ్లు పార్ట్‌నర్ ఏం కొడుతున్నాడా అని వెనక్కి తిరిగి చూస్తారు, వద్దు, రాకెట్ ముఖం ముందు పెట్టుకుని అవతలివాళ్లనే చూడండి. షటిల్ తలకాయ సరిగ్గా కంటి గుంటలో పట్టేంత సైజు.

నేలా షూసూ. రన్నింగ్ షూస్‌తో షటిల్ ఆడొద్దు, అది ముందుకి పరిగెత్తడానికి చేసింది, మడమ దగ్గర ఎత్తుగా మెత్తగా ఉంటుంది, పక్కకి అడుగేస్తే చీలమండ పక్కకి తిరగడానికి ఆ ఎత్తే చాలు. నాన్ మార్కింగ్ గమ్ సోల్ ఉన్న కోర్టు షూస్ కొనండి, సోల్ కింద గీతలు అరిగిపోయాక మార్చండి, అరిగిన సోల్ జారుతుంది. కొత్త సోల్, శుభ్రమైన కొత్త మ్యాట్ అయితే ఇంకో సమస్య, మరీ పట్టుకుంటుంది, ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, అందుకే కొత్త షూస్ మొదటి రెండు రోజులు నెమ్మదైన ఆటకి వాడండి, టోర్నమెంట్ రోజున పెట్టె విప్పొద్దు. మ్యాట్ కింద చెక్క ఉంటే మంచిది, సిమెంట్ మీద డైరెక్టుగా మ్యాట్ పరిచేసిన షెడ్లు చాలా ఉన్నాయి, అపార్ట్‌మెంట్ల కింద ఉత్త సిమెంట్ మీద ఆడేవాళ్లూ ఉన్నారు, అక్కడ జంప్ స్మాష్‌లు తగ్గించండి. చెమట పడితే ఆట ఆపి తుడవండి. మన ఎండాకాలంలో, షటిల్ కొట్టుకుపోతుందని ఫ్యాన్ కూడా వేయని రేకుల షెడ్లో గంట ఆడితే కోర్టు మీద చెమట మడుగులే, ఇంటర్నేషనల్ మ్యాచ్‌లో తడి కనపడగానే అంపైర్ తుడిపించేది ఊరికే కాదు.

వార్మప్ మన దగ్గర అసలు లేదు. వచ్చి, రాకెట్ తీసి, నాలుగు టాస్‌లు, గేమ్. కనీసం 15 నిమిషాలు: చెమట పట్టేదాకా మెల్లగా పరుగు, నడుస్తూ లంజులు, పక్కకి అడుగులు, ఒంటికాలి మీద బ్యాలెన్స్, మెత్తగా దిగే గెంతులు ఓ పది, భుజానికి బ్యాండ్, అప్పుడు షటిల్. ఒకచోట నిలబడి పట్టుకుని సాగదీసే స్ట్రెచ్‌లు ఆట అయ్యాక చెయ్యండి.

ఇప్పుడు అసలు చిక్కు, ఎంత ఆడాలి. పైస్థాయిలో ప్లేయర్ల చేతిలో కూడా ఇది పూర్తిగా లేదు. వరల్డ్ టూర్‌లో సింగిల్స్ టాప్ 15లో, డబుల్స్ టాప్ 10లో ఉన్నవాళ్లు సూపర్ 1000, సూపర్ 750 టోర్నీలన్నీ (నంబర్ పెద్దదైతే టోర్నీ పెద్దది), సూపర్ 500లో రెండూ కలిపి ఏడాదికి 12 ఆడాలన్నది రూలు, దెబ్బ తగిలితే కాగితాలు చూపించాలి, దీనికి తోడు వరల్డ్ ఛాంపియన్‌షిప్స్, జట్లుగా ఆడే థామస్ కప్పు, ఉబెర్ కప్పు, ఆసియా క్రీడలు, విమానాలు, టైం జోన్‌లు. సింధు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో ఎడమ పాదం నొప్పితోనే స్వర్ణం గెలిచింది, తర్వాత స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, ఆ నెలలో టోక్యోలో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ వదులుకుంది, మళ్లీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే కిందపడి విరిగింది కాదు, ఎముకకి రోజూ కొంచెం అరుగుదల, రాత్రి కొంచెం మరమ్మతు జరుగుతుంటాయి, అరుగుదల ముందుకెళ్లిపోయి మరమ్మతు వెనకబడితే సన్నటి బీట పడుతుంది.

మన చేతిలో ఉన్నది గంటలు రాసుకోవడం. ఒక నోట్‌బుక్‌లో రోజూ ఎన్ని గంటలు ఆడారు, ఎంత కష్టంగా అనిపించింది పదికి ఎంత, రెండూ గుణించి రాయండి. రెండు గంటలు, కష్టం 6 అయితే 12. వారం మొత్తం కూడండి. వారం వారం మెల్లగా పెరగాలి, సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు ఆడకుండా వచ్చి మొదటి రోజే మూడు గంటలు ఆడితే గుణకారం మీకే చెప్తుంది. పిల్లల విషయంలో సెలవులే ప్రమాదం, మామూలుగా రోజుకి రెండు గంటలు ఆడే పిల్లని సమ్మర్ క్యాంప్ అని ఒక్కసారిగా ఆరు గంటలకి పంపిస్తాం. వారంలో ఒక రోజు పూర్తిగా రాకెట్ ముట్టుకోకూడదు. నిద్ర ఎనిమిది గంటలు, పిల్లలకి తొమ్మిది, పొద్దున 4:30కి లేపి అకాడమీకి తీసుకెళ్లి రాత్రి పదకొండు దాకా ట్యూషన్ హోంవర్క్ చేయిస్తే ఆ పిల్ల ఎముకకి మరమ్మతు ఎప్పుడు జరగాలి.

నొప్పిని కొలవడానికి నేను వాడే పద్ధతి: పదికి 3 లోపు ఉండి, మర్నాడు పొద్దునకల్లా పోతే ఆడొచ్చు. 4, 5 అయితే దూకడం, లంజులు ఆపి మిగతావి. కుంటుతున్నారా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతోందా, ఒకే చోట వేలు పెట్టి నొక్కితే జివ్వుమంటోందా, ఆపెయ్యండి, చూపించుకోండి. నొప్పి మాత్ర వేసుకుని ఆడడం మాత్రం చెయ్యొద్దు, పెద్ద టోర్నీ ఫైనల్ ఆడే ప్లేయర్ వెనక డాక్టర్, ఫిజియో లెక్కలేసి ఉంటారు, మన వెనక ఎవరూ లేరు.

పిల్లల తల్లిదండ్రులకి ఇంకో నాలుగు ముక్కలు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి నొప్పి పెడితే, లేదా మడమ వెనక నొప్పితో మునివేళ్ల మీద నడుస్తుంటే అది బద్ధకం కాదు, ఎముక ఎదిగే చోట కండరం లాగుతోంది, ఆట తగ్గించి ఎదుగుదల నెమ్మదించేదాకా ఆగితే పోతుంది, తిట్టి ఆడిస్తే ముదురుతుంది. నడుము వెనక్కి వంచితే నొప్పి అంటే, రెండు మూడు వారాలైనా పోకపోతే, స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించండి, వెన్నెముకలో సన్నటి బీట అయి ఉండొచ్చు. అమ్మాయిల్లో పీరియడ్స్ ఆగిపోతే ఆటలో పడి అలా అవుతుందిలే అని వదలొద్దు, తినేది ఒళ్లు ఖర్చుపెట్టేదానికి చాలట్లేదని, ఎముకలు పలచబడుతున్నాయని దానర్థం కావొచ్చు. ఈ మాట అమ్మాయిలు కోచ్‌కి చెప్పలేరు, ఇంట్లో అమ్మే అడగాలి. మా ఇంట్లో నేను అడగలేదు, వాళ్లమ్మ అడిగింది కాబట్టి తెలిసింది.

దెబ్బ తగిలిందనుకోండి. మోకాల్లో టక్‌మని శబ్దం వచ్చి, రెండు మూడు గంటల్లో బుస్సున వాస్తే ఏసీఎల్ అనుమానించాలి, మర్నాడు నొప్పి తగ్గి నడవగలిగినా సరే, అదే మోసం, నడవొచ్చు గానీ తిరిగేటప్పుడు మోకాలు జారుతుంది. మడమ పైన తన్నినట్టయితే బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కి చూడండి, పాదం కొద్దిగా కదలాలి, కదలకపోతే తెగింది. చీలమండ బెణికితే నాలుగడుగులు వెయ్యలేకపోతున్నారంటే ఎక్స్‌రే. మొదటి రెండు మూడు రోజులు నూనె మర్దన, వేడి కాపడం వద్దు, గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం నాకు తెలుసు, మా నాన్నకీ ఉంది, కానీ లిగమెంట్, టెండన్ తెగిందో లేదో డాక్టర్ పరీక్షలోనూ ఎంఆర్ఐలోనూ తేలాలి, ముందు అది తేల్చుకోండి.

గుండె విషయం వేరు. 2024 జూన్ 30న యోగ్యకర్తాలో ఆసియా జూనియర్ టోర్నీలో చైనా కుర్రాడు జాంగ్ జిజీ, 17 ఏళ్లు, మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయాడు. ఆడుతూ ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఒక్కసారి జరిగినా, ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్లున్నా, గుండె డాక్టర్ చూసేదాకా ఆట లేదు. ఎవరైనా తగిలేదేం లేకుండా కూలిపోయి, పిలిస్తే పలక్కపోతే, శ్వాస మామూలుగా లేకపోతే ఒకరు 108కి ఫోన్, ఒకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కుతూనే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా. మీ షెడ్డు గ్రూప్‌లో ఒక ఆదివారం గేమ్ మానేసి ఇది నేర్చుకోండి, కోర్టు ఓనర్‌ని ఏఈడీ మెషీన్ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చేది) పెట్టమని అడగండి, అందరూ తలా కొంచెం వేసుకుంటే అదేం మొయ్యలేని ఖర్చు కాదు.

ఇక తిరిగి రావడం. గోపీచంద్ ఏసీఎల్ 1994లో పుణెలో నేషనల్ గేమ్స్ డబుల్స్ ఆడుతూ పోయింది, అప్పటికి మన దగ్గర స్పోర్ట్స్ ఫిజియో అన్న మాటే పెద్దగా లేదు, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో కొట్టాడు. ఏడేళ్లు. ఇవాళ పిల్లలు ఆపరేషన్ అయిన ఆరో నెలకే రాకెట్ పట్టుకుని వచ్చేస్తున్నారు, నొప్పి లేదంకుల్ అంటారు. నొప్పి లేకపోవడం లెక్కలోకి రాదు. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లని గమనించిన ఒక పరిశోధనలో, తొమ్మిది నెలల దాకా ఆట ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే ముప్పు దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది.

కాబట్టి ముందు తొమ్మిది నెలలు. తర్వాత కొలతలు: ఆపరేషన్ కాలి తొడ బలం బాగున్న కాలితో పోలిస్తే 90 శాతం రావాలి, ఫిజియో దగ్గర మెషీన్ మీద. ఒంటికాలితో ఎంత దూరం గెంతగలరో టేపుతో కొలవండి, వరసగా మూడు గెంతులు కూడా కొలవండి, రెండు కాళ్లకీ తేడా పది శాతం లోపే ఉండాలి, దిగాక కదలకుండా నిలబడాలి. అప్పుడు వారం షటిల్ లేకుండా అడుగులు, తర్వాత రెండు వారాలు ఎక్కడికి వస్తుందో ముందే తెలిసిన ఫీడింగ్ (అవతలి నుంచి ఎవరైనా షటిల్ వేసి ఇవ్వడం), తర్వాత తెలియని ఫీడింగ్, తర్వాత సగం కోర్టు, ఆఖర్న గేమ్, అదీ 11 పాయింట్ల వరకే. బ్యాక్‌హ్యాండ్ వెనక మూల మాత్రం అన్నిటికంటే చివర్లో తెరవండి. నా అకిలిస్‌కి ఇదంతా అయ్యేసరికి పదకొండు నెలలు పట్టింది, ఆ మొదటి రోజు 11 పాయింట్లు ఆడి, ఓడిపోయి, మెట్ల దగ్గరికెళ్లి మళ్లీ పిక్క కసరత్తు 25 చేసి ఇంటికొచ్చాను.